రాయచూరు సీమలో దంతధావనము : పందుంపుల్లనుండి నీటిధారవరకు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమ చరిత్రకారులకు చిరపరిచితము. కాకతీయుల కాలమున, 1294వ సంవత్సరమున, గోరె గన్నయరెడ్డి ఆజ్ఞపై విఠలనాథుడు కట్టించిన కోటగోడలో, నలువది యడుగులకు పైబడిన మహాశిలపై చెక్కిన తెలుగుశాసనము నేటికిని నిలిచియున్నది. 1915లో మస్కివద్ద బీడన్ అను బంగారుగనుల ఇంజనీరు కనుగొన్న శాసనమువలన దేవానాంప్రియుడు అశోకుడే యని రూఢియైనది. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాహును ఓడించినది ఈ రాయచూరు కొఱకే. ఇట్లు రాజులను గూర్చియు, కోటలను గూర్చియు వ్రాసినవారు పెక్కండ్రు. ఇచ్చటి జనులు తెల్లవారి లేచి నోటిని ఎట్లు శుభ్రపఱచుకొనిరో వ్రాసినవారు అరుదు.

నేడు ఆ విషయము వ్రాయవలసిన అవసరము కలిగినది. రాయచూరు పట్టణమున ఎ.ఎం.ఇ. దంతవైద్య కళాశాల, నవోదయ దంతవైద్య కళాశాల అను రెండు విద్యాలయములు కలవు. ఊడిన పంటిచోట దవడయెముకలో టైటానియమను లోహపు మరను నాటి, దానిపై కృత్రిమదంతమును బిగించు చికిత్సను జనులు ఇంప్లాంటు అనియే పిలుచుచున్నారు. ఒకప్పుడిది మహానగరములకే పరిమితమైన చికిత్స; నేడు జిల్లాపట్టణములకును వచ్చినది. పంట అమ్మిన సొమ్ముతో ఈ పండ్లు కట్టించుకొనిన పెద్దలు మన తెలుగు కుటుంబములలోను ఉన్నారు. వారిలో కొందఱకు ఒక నమ్మకము కలదు: ఇది లోహపు పల్లు, దీనికి పుచ్చు లేదు, పురుగు లేదు, కావున తోమినను తోమకున్నను ఒకటేయని. ఈ నమ్మకములో సగము నిజము. మిగిలిన సగమే ఆ పంటిని ఊడగొట్టునది.

మన భాషయే ఈ విషయమున మొదటి సాక్షి. లేచి నోరు కడుగుకొననివానిది పాచిమొగమందుము. చెఱువుమెట్లపై కాలు జార్చు పచ్చని పొరయు పాచియే. రాత్రి గడచిన పిదప పండ్లపై నాలుకకు తగులు జిగటపొరయు పాచియే. సూక్ష్మదర్శినితో పరిశీలించిన శాస్త్రజ్ఞులును ఈ రెంటిని ఒక కోవకే చేర్చినారు. తడియందున్న గట్టి వస్తువునకు సూక్ష్మజీవులు అంటుకొని, తమచుట్టు బంకవంటి పదార్థమును అల్లుకొని కాపురముండు పొర యిది. ఆ పాచిని కదలింపక విడిచినచో లాలాజలమందలి సున్నపు లవణములు పట్టి గట్టిపడును. దానికి గార యని వేఱు పేరు. పాచి తోమిన పోవును, గార పోదు. ఈ భేదమును కనిపెట్టి రెండు మాటలు కల్పించుకొనిన జనులు నోటి విషయము ఎఱుగనివారు కారు.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఇరువదినాల్గవ అధ్యాయమునందు దంతధావనవిధి కలదు. పుల్ల పండ్రెండు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు ఉండవలెను, ముడులు ఉండరాదు. ఇచట అంగుళమనగా వ్రేలివెడల్పు అని గ్రహింపవలెను. చేదులలో వేప, వగరులలో చండ్ర, తీపులలో ఇప్ప, కారములలో కానుగ శ్రేష్ఠమని చెప్పబడినది. వీనిలో వేప, కానుగ రాయచూరు సీమవారికి పెరటిలోను పొలముగట్టునను దొరకునవే. ఏడవ శతాబ్దమున చీనానుండి వచ్చిన ఇత్సింగ్ అను భిక్షువు ఈ దంతకాష్ఠపు అలవాటును శ్రద్ధతో గమనించి తన గ్రంథమున వ్రాసికొనినాడు.

ఆ సంహితయందే మన ప్రస్తుతవిషయమునకు మఱింత దగ్గఱయైన మాట యొకటి కలదు. నోటియందు ద్రవమును ధరించుటను కవళమనియు గండూషమనియు రెండు విధములుగా విభజించిరి. నోట అటునిటు కదలించుటకు వీలైనంత పుచ్చుకొనినది కవళము. కదలుటకు చోటులేకుండ నిండార పట్టినది గండూషము. మనము పుక్కిలించుట యనునది మొదటి తెగలోనిది. పుల్ల చొరజాలని సందులోనికి నీరు చొచ్చుననియు, నిలిచిన నీటికన్న కదలు నీటి పని వేఱనియు నెఱిగినవారికే ఇట్టి విభాగము తోచును. నీటిధారతో పంటిసందులను కడుగు యంత్రము విదేశమున పుట్టినదే యైనను, దాని వెనుకనున్న ఊహ మనకు క్రొత్త కాదు.

అట్లని పూర్వపు అలవాట్లన్నియు మేలైనవని నేను చెప్పను. వేపపుల్ల, తుమ్మపుల్ల నమలి కుంచెవలె చేసి తోముకొనువారితోపాటు, బొగ్గు, ఉప్పు, కచ్చిక, ఇటుకపొడి వాడినవారును మన పల్లెలలో ఉండిరి. ఈ గరకుపొడులు పండ్లను తళతళలాడించును గాని, ఏండ్లతరబడి చిగురును ఒరసి పంటిమెడను గాడిపడునట్లు అరగదీయును. 1871లో బొంబాయినుండి వచ్చిన రైలుమార్గమును మదరాసునుండి వచ్చిన రైలుమార్గమును రాయచూరున కలిసిన పిదప అంగడిసరుకులకు త్రోవ ఏర్పడెను. నంజనగూడున బి.వి. పండితులు 1913లో నెలకొల్పిన సద్వైద్యశాల పళ్ళపొడి, మంకీబ్రాండు నల్లపొడి వచ్చి కచ్చికను వెనుకకు నెట్టినవి. తరువాత బ్రష్షు, పేస్టు వచ్చినవి. చదివిన దంతవైద్యులు పల్లెవానికి అందుబాటులోనికి వచ్చుట మాత్రము చాల ఆలస్యముగా జరిగినది. డాక్టరు ఆర్. అహ్మదు కలకత్తాలో దేశమునకు మొదటిదైన దంతవైద్య కళాశాలను స్థాపించినది 1920లో. దంతవైద్యుల చట్టము వచ్చినది 1948లో.

రాయచూరు పండ్లను గూర్చి వ్రాయుచు నీటిని విడిచిపెట్టుట పొసగదు. ఇచ్చటి నేల ప్రాచీనమైన నల్లఱాతి నేల. ఆ ఱాళ్ళయందలి ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములోనికి దిగును. లీటరు నీటికి ఒక మిల్లీగ్రామువఱకు మేలనియు, వేఱు గతి లేనిచో ఒకటిన్నరవఱకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఈ జిల్లాలోని పెక్కు గ్రామముల బోరునీరు ఆ హద్దును దాటియున్నది. శాశ్వతదంతములు దవడలోపల రూపొందు బాల్యమున ఇట్టి నీరు త్రాగినవారి పండ్లపై మొదట సుద్దవంటి తెల్లచారలు, పిదప గోధుమరంగు మచ్చలు ఏర్పడును. తెలుగుదేశమున ఈ వ్యాధిని మొదట లోకమునకు తెలిపినది 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాను గూర్చి ప్రకటించిన వ్యాసము. నల్లగొండ పేరు తరువాత ఈ వ్యాధితో ముడివడినది. 1970లలో నాగపూరు జాతీయ పరిశోధనశాలవారు పటిక, సున్నములతో ఫ్లోరైడును తీయు పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టిరి. 1956 నవంబరు 1వ తేదీవఱకు నల్లగొండయు రాయచూరును ఒకే హైదరాబాదు రాష్ట్రపు జిల్లాలు. పాలన విడివడినది గాని రెండింటి నేలస్వభావము మాఱలేదు.

1953లో తుంగభద్ర ఆనకట్టనుండి నీరు పాఱజొచ్చిన పిదప కోస్తా జిల్లాల రైతులు వచ్చి, సింధనూరు, మాన్వి ప్రాంతములందు క్యాంపులు కట్టుకొని వరిసాగు చేసిరి. కాలువనీటియందు ఫ్లోరైడు స్వల్పము. కనుక కాలువనీరు త్రాగి పెరిగిన బిడ్డ పంటికిని, కాలువ చేరని మెట్టయూరి బోరునీరు త్రాగి పెరిగిన బిడ్డ పంటికిని రంగులో భేదముండుట సహజము. ఫ్లోరైడు మచ్చ తోమిన పోదు, ఎంతటి నీటిధారకును పోదు. అది పంటిపై అంటిన మురికి కాదు, పంటిలోనే నిలిచిన వ్రాత. పాచి యట్లు కాదు, ప్రతిదినము క్రొత్తగా పుట్టునది. మచ్చను చూచి సిగ్గుపడి ఎన్నో పొడులతో రుద్దువారు, కంటికి కనబడని పాచిని సందులలో విడిచిపెట్టుచున్నారు. పండ్లు ఊడుట మచ్చలవలన కాదు, పుచ్చువలన, చిగుళ్ళజబ్బువలన. ఆ చిగుళ్ళజబ్బునకు పొగాకును, చక్కెరవ్యాధియు తోడ్పడును.

ఇట్లు ఊడిన పంటిస్థానమున ఇంప్లాంటు నాటుటకు మూలమైన కథ విచిత్రమైనది. 1952లో స్వీడనుదేశమున లుండు నగరమందు బ్రోనెమార్కు అను వైద్యుడు పంటిని గూర్చి ఆలోచించుట లేదు. కుందేటి కాలియెముకలో రక్తము ఎట్లు ప్రవహించునో చూచుటకు టైటానియపు గొట్టమునొకదానిని అమర్చెను. పరిశోధన ముగిసిన పిదప దానిని తీయబోగా అది రాలేదు. ఎముక లోహమును పట్టుకొని విడువలేదు. అందఱు విసుగుకొని విడిచిపెట్టదగిన ఈ చిక్కునే అతడు పట్టుకొని, 1965లో గోటెన్‌బర్గు నగరమున గోస్టా లార్సన్ అను రోగి క్రిందిదవడలో టైటానియపు మరలు నాటెను. ఆ మరలు లార్సన్ 2006లో మరణించువఱకు, నలువదియేండ్లకు పైగా, పనిచేసినవి. వైద్యలోకము మాత్రము చాలకాలము నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సభ తరువాతనే ఈ పద్ధతికి విస్తృతమైన అంగీకారము లభించెను.

ఎముక పట్టుకొనినది సరే. చిగురు మాట ఏమి? సహజదంతము ఎముకలో నేరుగా పాతుకొనియుండదు. పంటివేరునకును ఎముకకును నడుమ సన్నని నరములవంటి తంతువుల పొర కలదు. పల్లు దానియందు ఊయలవలె వ్రేలాడుచుండును. ఆ తంతువులు పంటివేరులోనికి మేకులు దిగినట్లు అడ్డముగా దిగి, చిగురును పంటికి బిగించి, పాచి లోపలికి దిగకుండ కొంత కాపుండును. ఇంప్లాంటునకు ఆ పొర లేదు. చిగురులోని తంతువులు లోహమునకు సమాంతరముగా ప్రక్కన నిలుచును గాని లోనికి దిగవు. గోడకు కట్టిన దడికిని, గోడప్రక్కన ఊరక ఆనించిన దడికిని ఎంత భేదమో ఇచటను అంత భేదము. రక్తప్రసారమును సహజదంతముచుట్టు ఉన్నంత ఉండదు. అందుచేత ఒకసారి పాచి దిగినచో అది ఎముకను చేరుటకు అడ్డు తక్కువ.

పాచియే చిగుళ్ళవాపునకు కారణమని ప్రయోగముతో నిరూపించినది లో, థైలాడే, జెన్‌సెన్ అను పరిశోధకులు 1965లో ప్రకటించిన వ్యాసము. ఆరోగ్యవంతులైన పండ్రెండుగురిని పండ్లు తోమవద్దనిరి. పదినుండి ఇరువదియొక్క దినములలో అందఱికిని చిగుళ్ళు వాచెను. మరల తోమనారంభింపగా తగ్గెను. 1994లో ఇంప్లాంట్లు గలవారిపై ఇట్టి ప్రయోగమే జరుపగా వాటిచుట్టునున్న చిగుళ్ళును అట్లే వాచినవి. లోహపు పంటికి పుచ్చు లేదనుట నిజమే. కాని చిగురు లోహము కాదు, ఎముక లోహము కాదు. చిగురుమట్టున నున్న వాపు శుభ్రముచేత తగ్గును. ఎముక కరగుట మొదలైనచో పూర్వపు స్థితికి తెచ్చుట మిక్కిలి కష్టము. నొప్పి లేకుండనే ఇదంతయు జరుగవచ్చును. తోమునపుడు కనబడు రక్తపుచారయే తొలి హెచ్చరిక.

బ్రోనెమార్కు మొదటి రోగికి మూడేండ్లు ముందు, 1962లో, అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఫోర్టుకాలిన్సు నగరమందు జెరాల్డు మోయర్ అను దంతవైద్యుడును, జాన్ మాటింగ్లీ అను జలయంత్రపు ఇంజనీరును కలిసి నోటిని నీటిధారతో కడుగు యంత్రమును నిర్మించిరి. అదియే వాటర్‌పిక్. నేడు మన అంగళ్ళలో వాటర్ ఫ్లాసరు అను పేర అనేక సంస్థల యంత్రములు దొరకుచున్నవి. యంత్రము సరళమైనది: నీటితొట్టి, చిన్న పంపు, సన్నని ముక్కు. ధార ఏకధాటిగా రాదు. నిమిషమునకు సుమారు 1,200 మార్లు తెగితెగి వచ్చును. నీరు తగులుచు, ఆగుచు ఉండుటవలన, ఆగిన క్షణమున చిగురు కొంచెము విడి, వదులైన ముద్ద బయటికి కొట్టుకొనివచ్చును. ఇంప్లాంట్లు వచ్చునని ఎఱుగకయే నిర్మింపబడిన ఈ సాధనము ఇంప్లాంట్లకే ఎక్కువ అక్కఱకు వచ్చినది. ఏలయన, మరపై నిలిపిన కృత్రిమదంతము సన్నని మెడపై పెద్ద తలవలె ఉండును. రెండు మూడు మరలపై వంతెనగా కట్టిన పండ్ల క్రిందిభాగమున బ్రష్షు చేరదు.

ఈ సందులను దారముతో శుభ్రపఱచు అలవాటు పాశ్చాత్యదేశములందు కలదు. 2013లో అమెరికాలో ఇంప్లాంట్లపై ముప్పది దినములు జరిగిన పరీక్షలో, నీటిధార వాడినవారిలో నూటికి 81.8 పాళ్ళలోను, దారము వాడినవారిలో 33.3 పాళ్ళలోను రక్తము కాఱుట తగ్గెను. ఈ అంకెలు ఘనముగా నున్నవి గాని, పరీక్షితులు నలువదిమందియే. యంత్రము తయారుచేయు సంస్థకు చెందినవారును ఆ పరిశోధకులలో ఉండిరని పాఠకులు గమనింపవలెను. 2016లో మఱికొందఱు వైద్యులు, దారపు పోగులు మర గరకుదనమునకు చిక్కుకొని అవియే జబ్బునకు దారితీసిన పదిమంది రోగులను గూర్చి వ్రాసిరి. 2019లో కాక్రేన్ సంస్థవారు సహజదంతములపై జరిగిన పరీక్షల నన్నింటిని కలిపి చూచి, నీటిధారవలన చిగుళ్ళవాపు కొంత తగ్గవచ్చుననియు, పాచి తగ్గునని చెప్పుటకు ఆధారము లేదనియు తేల్చిరి. నా అభిప్రాయమున ఈ చివరిమాటయే మన ఇండ్లలో ముఖ్యముగా వినదగినది. బంకవలె అంటిన పొరను నీరు ఒంటరిగా తీయలేదు. చెఱువుమెట్టు పాచి కుండెడు నీళ్ళు పోసినంతమాత్రమున పోవునా? మెత్తని బ్రష్షుతో రెండుపూటలు తోముట తప్పదు. నీటిధార తోమినదానికి తోడు, బదులు కాదు.

వాడు విధమును గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన యంత్రముతో వచ్చు కాగితము సాధారణముగా తెలుగున ఉండదు. ఇంప్లాంటు క్రొత్తగా నాటిన దినములలో దీనిని తాకరాదు. గాయము మానిన పిదప వైద్యుడు చెప్పిననాటినుండియే మొదలిడవలెను. తొట్టియందు గోరువెచ్చని నీరు పోసి, ఒత్తిడిని అన్నిటికన్న తక్కువ అంకెపై నుంచవలెను. ముక్కును నోటిలో పెట్టుకొనిన తరువాతనే మీట నొక్కవలెను. లేనిచో గోడలు తడియును. తల తొట్టిపైకి వంచి, పెదవులు కొంచెము మూసి, నీటిని తనంతట జాఱనీయవలెను. ధార చిగురుమట్టమునకు నిలువుగా తగులవలెనే గాని చిగురులోనికి గ్రుచ్చినట్లు ఉండరాదు. వెనుకపంటినుండి మొదలిడి, చిగురు అంచు వెంబడి నడచుచు, ప్రతి సందునను ఒక క్షణము నిలిచి, వెలుపల ముగిసిన పిదప లోపలివైపునను అట్లే చేయవలెను. ఇంప్లాంటులకు మెత్తని రబ్బరుకొన గల ముక్కు శ్రేష్ఠము. గుండెకవాటములకు శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా తమ వైద్యుని అడుగవలెను. యంత్రము కొనజాలనివారికి సందులలో దూరు సన్నని బ్రష్షులు కలవు. వంతెనపండ్లు కానిచో అవి చాలును.

రాయచూరు సీమవారికి మఱియొక జాగ్రత్త. బోరునీరు కఠినమైనది, కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టునట్లే యంత్రపు సన్నని గొట్టములందును కట్టి, నెలలు గడచిన కొలది ధార పలుచనగును. వడపోసిన నీరుగాని, కాచి చల్లార్చిన నీరుగాని వాడుట మేలు. పని ముగిసిన పిదప తొట్టిని వట్టిది చేసి బోర్లించవలెను. నిలువనీటియందు పాచి పట్టునది పండ్లకు మాత్రమే కాదు. అప్పుడప్పుడు నీటిలో కొంచెము వినిగరు కలిపి నడిపి, పిదప మంచినీటితో కడిగినచో సున్నము కరగును. ఎండకాలమున కరెంటు పోవు పల్లెలలో చార్జి చేసికొను యంత్రమే అనుకూలము. వక్క, జర్దా నమలువారి సందులలోని పిప్పిని ధార కడిగివేయును గాని, పొగాకు చిగుళ్ళకు చేయు కీడును కడుగజాలదు. గుట్కాను కర్ణాటక ప్రభుత్వము 2013లోనే నిషేధించినను దాని జాడలు దంతవైద్యులకు కనబడుచునేయున్నవి. వ్రేళ్ళు వణకు ముసలివారికి ఇంటిలోని కోడలో మనుమరాలో ధార పట్టవలసి వచ్చును. ఈ మాట ఇంప్లాంటు నాటించుకొనుటకు ముందే ఇంటిలో అనుకొనుట మంచిది.

ఇన్ని చేసినను ఆఱు నెలలకొకమారు వైద్యునికి చూపవలెను. ఇంప్లాంటుచుట్టు గట్టిపడిన గారను తీయుటకు మామూలు ఉక్కుపనిముట్టు తగదు. అది టైటానియమును గీరి, ఆ గీతలలో పాచి మరింత నిలుచును. ఇందుకు ప్రత్యేకమైన పనిముట్లు కలవు. పల్లు బిగించిననాడు తీసిన ఎక్స్‌రే చిత్రమును రోగి తనయొద్ద భద్రపఱచుకొనవలెను. తరువాతి చిత్రమును దానితో పోల్చినపుడే ఎముక ఎంత తగ్గినదో తెలియును. మర ఏ సంస్థది, దాని వ్యాసమెంత, పొడవెంత, ఏ తేదీన నాటినది అను వివరములు గల చీటినిగూడ అడిగి తీసికొనవలెను. నాటిన వైద్యుడు ఊరు మాఱినను, ఆస్పత్రి మూతపడినను, మఱియొక ఊరి వైద్యుడు ఆ మరకు సరిపడు భాగమును ఎన్నుకొనుటకు ఆ చీటియే ఆధారము.